చిత్రేటి ఆనకట్టపై తప్పిన వేళ

శ్రావణమాసమున ఎగువకొండలపై అహోరాత్రములు కురిసిన కుంభవృష్టిచే నుప్పొంగిన అరుణవర్ణజలప్రవాహము ఘోరనాదముతో చిత్రేటి ఆనకట్టను మోదుచుండ దిగువనున్న విశాలసైకతతలము మాత్రము తెల్లగా నెండి గొఱ్ఱెలమందలకును వాని కాపరులకును విడిదియై యుండెను.

ఆనకట్ట ఇంజనీరగు హైమవతి ఆనాటి అపరాహ్ణమున మూడున్నరకు సైరను మ్రోగవలెననియు నాలుగింటికి తలుపులు లేవవలెననియు కంప్యూటరునకు ఆజ్ఞ లొసగియుండెను.

అకస్మాత్తుగా అదుపుగదిలో తెరను చూచుచున్న ఆపరేటరు మస్తానయ్య "అమ్మగారూ! కంప్యూటరు గడియారము నాలుగునకు పదినిమిషములే తక్కువ యనుచున్నది. సైరను మ్రోగనేలేదు" అనెను.

హైమవతి తన చేతిగడియారమును చూచెను. మూడుగంటల పదినిమిషములు! యంత్రము నలువది నిమిషముల నొక్కుమ్మడి లంఘించి మూడున్నరను దాటివేసెను. సైరనునకు వేళ రాకయే పోయినది. తలుపులకు మాత్రము రానున్నది.

ఆమె తత్తరపాటుతో కాలమును సరిదిద్దెను. అది మరల దుమికెను. మరల దిద్దెను. మరల దుమికి నాలుగునకు అయిదు నిమిషములు తక్కువగా నిలిచెను.

"గడియారము సంగతి పిదప చూతమమ్మా! ముందు తలుపు లాపుడు" అని మస్తానయ్య యఱచెను.

ఆ మాటతో తెప్పరిల్లి ఆమె యంత్రాజ్ఞలను రద్దుచేసి తలుపులను చేతియదుపునకు తెచ్చి స్వహస్తముతో సైరను మీట నొక్కెను. ఆ దీర్ఘరవమునకు తిన్నెలపై మందలన్నియు చెదరి గట్టువైపు కదలెను.

అటుపిమ్మట కంప్యూటరు వ్రాసియుంచిన చిట్టాను పరికింపగా ప్రతిదుముకును అదుపుగది మేడమీది యాంటెన్నానుండి గడియారమును దిద్దుటకు వచ్చు ఉపగ్రహకాలసంకేతము అందిన వెంటనే సంభవించినట్లు తేటపడెను. ఆమె చెప్పగా మస్తానయ్య ఆ యాంటెన్నా తీగ నూడదీసెను. దాని కొననుండి వాననీరు బొట్లుబొట్లుగా రాలెను. దిద్దిన కాలము మరల చలింపలేదు. హైమవతి మనస్సు మాత్రము నిలువలేదు. సైరనును తలుపులను వేఱువేఱుగా ఒక్క గడియారమునకే కట్టివిడిచినది తానే కదా!

జలాశయమున నీరు హద్దు దాటుచుండెను. నాలుగు గడచినను ఆమె దుర్భిణి దింపక కడపటి కాపరి గట్టెక్కువఱకు వేచి అప్పుడు తలుపు లెత్తించెను.

"ఇకమీదట సైరను మ్రోగి అర్ధగంట గడువనిదే ఏ వేళయైనను తలుపులు లేవరాదు. కంప్యూటరున అట్లు వ్రాయుదును" అని యామె మెల్లగా పలికెను.

దిగువ నిసుకపై ఎవరో విడిచిపోయిన పొయ్యి యింకను పొగయుచుండ ఎఱ్ఱనీరు దానిని చుట్టుముట్టి కుండతోగూడ మ్రింగెను.