బొమ్మల వరస

ఖ్రోనింగెన్ నగరంలోని ఆసుపత్రి ఆపరేషన్ గదిలో హార్మన్ మాస్టారు మెలకువగానే ఉన్నారు. తల కదలకుండా బిగించి, పుర్రె తెరిచారు. నొప్పి లేదు. మెదడులో కణితి మాటలు పుట్టే చోటును ఆనుకుని ఉంది. డాక్టర్ బౌమా ఒక్కో చోట సన్నగా కరెంటు తాకిస్తుంటే, ఆయన తెర మీది బొమ్మ చూసి "ఇది ఫలానా" అనాలి. పేరు ఆగిపోయిందంటే ఇక అక్కడ కత్తి పెట్టరు, కింద కణితి ఉన్నా సరే.

బొమ్మలు చూపిస్తున్న ఫ్రౌకె ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. వచ్చిన తంటా అదే. పోయిన వారం మొదటిసారి చూపించినప్పుడు, పేరు రాని బొమ్మలు ముందే తీసేస్తాను, మొహమాటపడకండని చెప్పింది. ఊరందరికీ చదువు చెప్పిన మనిషి ఉడుతను ఉడుత అనలేకపోవడమా? చెట్టెక్కుతుందని తెలుసు, కుచ్చుతోక తెలుసు, పేరే రాలేదు. తలనొప్పని వంక పెట్టి ఇంటికి పోయారు. భార్య ఆల్టియెకు పోలికలు చెప్పి పేర్లు అడిగి తెలుసుకున్నారు. తాళంచెవి తర్వాత ఉడుత, ఉడుత తర్వాత నిచ్చెన అంటూ ఎక్కాల్లా బట్టీ పట్టారు. మర్నాడు అదే వరసలో గడగడా అప్పజెప్పేశారు. ఫ్రౌకె మెచ్చుకుని కాఫీ ఇస్తే తాగారు కూడా.

ఇవాళ వరస మారింది. తెర మీద ఉడుత.

"ఇది..." అన్నారు. ఆపైన నోరు పెగల్లేదు. డాక్టర్ అదే చోట మళ్లీ తాకించింది. ఈసారి నిచ్చెన. అదీ రాలేదు. ఇక్కడితో ఆపేద్దాం, కింద మిగిలింది వదిలేద్దామని ఆమె అనడం చెవిన పడింది.

తప్పు కరెంటుది కాదని ఆ గదిలో ఆయనొక్కరికే తెలుసు. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే కణితి ఉండిపోతుంది. ప్రాణం మీదికి వచ్చినా సిగ్గే ముందు అడ్డుపడింది. బయట కూర్చున్న ఆల్టియె గుర్తొచ్చి తెగించారు.

"ఆగండి. ఫ్రౌకే, అవి నాకు ముందునుంచీ రావు. కాపీ కొట్టాను."

ఫ్రౌకె తెర వదిలి ఆయన వైపు చూసింది. చిన్నప్పుడు పక్కపిల్ల లెక్క చూసి రాసిందని, క్లాసంతా చూస్తుండగా ఆయన ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టారు. ఆమె మరిచిపోలేదు, చూపులోనే తెలిసింది.

"ఇంకా ఏవేవి, మాస్టారూ? తీసేద్దాం," అంది మెల్లగా.

తోకది, ఎక్కేది అంటూ పోలికలతోనే చెప్పారు. అవి తీసేసి, అదే చోట కరెంటు తాకిస్తూ గొడుగు చూపించారు.

"ఇది గొడుగు."

డాక్టర్ అక్కడ కోయకూడదని పెట్టుకున్న గుర్తు తీసేసి పని మొదలుపెట్టింది. ఫ్రౌకె మొహం చూడలేక, గోడవైపు తిరుగుదామనుకున్నారు మాస్టారు. తల బిగించి ఉంది, తిరగలేదు.