దొరసానికి పాలు మార్చిన పదిహేను రోజులు

ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే: తన పాలు ఆగిపోయిన రోజున బిడ్డకు తనతో పని లేకుండా పోతుందని. దొంగలన్నా జ్వరాలన్నా భయం లేదని కాదు, అవీ ఉన్నాయి. కానీ అవి వస్తే వస్తాయి, పోతే పోతాయి. ఇది మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండేది.

భయానికి కారణం లేకపోలేదు. బిడ్డ నెల ముందే, అరచేతిలో పట్టేంత పుట్టింది. రొమ్ము పట్టడం చేతకాలేదు. మూడు వారాలు తల్లీ బిడ్డా కలిసి ఏడ్చాక, పంపుతో పాలు తీసి సీసాతో పట్టడం మొదలైంది. నాలుగో నెలలో ఆమె మళ్లీ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పనిలో చేరింది. అప్పటి నుంచి పాలు ఆమెవి, పట్టే చెయ్యి అత్తగారిది. ఫ్యాక్టరీలో గుడ్డముక్కలు పడేసే గదిలో, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, రెండు విరామాల్లోనూ చేతిపంపు నొక్కి నొక్కి సీసా నింపేది. ఐసు సంచిలో పెట్టి ఇంటికి తెచ్చేది. మర్నాడు అత్తగారు అవి పట్టేది. ఒక్క మాటలో చెప్పాలంటే, పగటిపూట ఆ ఇంట్లో తల్లి ఫ్రిజ్‌లో ఉండేది.

బిడ్డని అందరూ దొరసాని అనేవారు. ఏడాది నిండేసరికి ఆ పిలుపుకి తగ్గ చూపూ, ఆ చూపుకి తగ్గ విదిలింపూ రెండూ వచ్చేశాయి. నానమ్మ చేతిలో సీసా గటగటా ఖాళీ చేసే దొరసాని, సాయంత్రం అమ్మ చేతిలో అదే సీసాకి మూతి ముడిచేది. ఏదో దయతలచి నాలుగు గుక్కలు తాగి మొహం తిప్పేసుకునేది. ఏం చేస్తాం, ఎత్తుకుని పెంచే చెయ్యి అది, అని ఆమె నోరు మూసుకునేది కానీ లోపల మాత్రం ఉడికిపోయేది.

ఆమె చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అందుకేనేమో, కాగితం మీద రాసి ఉన్న మాటంటే గురి ఎక్కువ. క్లినిక్‌లో నర్సమ్మ చెప్పిన ప్రతి ముక్కా పాత క్యాలెండరు వెనకాల రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించేది. ఈ అలవాటు చూసే ఫ్యాక్టరీలో ఆమెకు కాగితమ్మ అని పేరు పెట్టారు. మనమూ అలాగే అందాం.

బిడ్డకి ఏడాది దాటింది కాబట్టి ఇక ఆవుపాలు పట్టొచ్చని నర్సమ్మ చెప్పింది. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ కింది అంతస్తులో ఉన్న పిల్లల గదిలో ఒక చోటు ఖాళీ అవుతోందని తెలిసింది. అది దొరికితే రెండు విరామాల్లోనూ దిగొచ్చి బిడ్డని ఎత్తుకోవచ్చు, తన చేత్తో తాగించుకోవచ్చు. పాలు పోతే పోయాయి, బిడ్డ దక్కుతుంది. చోటు దొరక్కపోతే పాలూ పోతాయి, బిడ్డా నానమ్మ చంకలోనే ఉండిపోతుంది.

కానీ ఆ గదిని చూసుకునే ఆయమ్మకి ఒక పట్టింపు ఉంది.

"తల్లిపాల సీసాలు నా ఫ్రిజ్‌లో పెట్టనివ్వను. ఒకసారి ఒకరివి ఇంకొకరి బిడ్డకి పట్టేసి నేను పడ్డ మాటలు చాలు. ఒకటో తారీఖులోపు పిల్లని తీసుకొచ్చి నా కళ్లముందు ఆవుపాలు తాగించు. తాగిందా, సోమవారం నుంచి వదిలెళ్లు. తాగలేదా, నీ వెనకాల ఇంకా ఇద్దరున్నారు."

పదిహేను రోజులున్నాయి. కాగితమ్మ కాగితం రాసింది. మొదట మూడొంతులు తల్లిపాలు, ఒక వంతు ఆవుపాలు. తర్వాత సగం సగం. ఆ తర్వాత ఒక వంతు, మూడొంతులు. చివరికి అన్నీ ఆవుపాలే. అడుగున పెద్ద అక్షరాల్లో "గోరువెచ్చగా" అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

మొదటి సాయంత్రమే గొడవ మొదలైంది.

"ఒక్క గుక్క, నా తల్లి కదూ, ఒక్క గుక్క."

దొరసాని ఒక గుక్క నోట్లోకి తీసుకుంది. అమ్మ మొహంలోకి చూసింది. అమ్మకి ఆశ పుట్టేదాకా ఆగి, తుపుక్కున ఉమ్మింది.

సీసా మార్చారు. గిన్నె, చెంచా తెచ్చారు. కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, గదిలో తిప్పారు, తాళంచెవులు ఆడించారు. తాళంచెవులు నచ్చాయి, పాలు నచ్చలేదు. వారం గడిచేసరికి ఇంట్లో పాలు పడని దుప్పటి లేదు. కాగితమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

బస్సుల డిపోలో మెకానిక్‌గా చేసే వాళ్లాయన మాత్రం హాయిగా ఉన్నాడు.

"పారబొయ్యకు, ఇలా తే" అని మిగిలిన సీసా గ్లాసులో వంపుకున్నాడు.

"మీకు సిగ్గుగా లేదూ? అది కూతురి పాలు!"

"అది తాగదు, నువ్వు తాగవు. ఎవరో ఒకళ్లు తాగాలిగా. నిన్న డిపోలో అడిగారు, ఏంట్రా బుగ్గలొచ్చాయి, ఇంట్లో ఏం పెడుతున్నారని."

"ఏం చెప్పారు?"

"మా ఆవిడ నాకు పాలు అలవాటు చేస్తోందని చెప్పా."

ఆమె విసిరిన తువ్వాలు ఆయనకి తగల్లేదు, అత్తగారికి తగిలింది. అత్తగారు దాన్ని మడతపెట్టి పక్కన పెడుతూ, "నా దగ్గర తాగిందమ్మాయ్. సగం సగం కలిపిందే, చుక్క మిగల్చలేదు" అంది.

"మరి నా దగ్గరెందుకు తాగదు?"

"నువ్వు మొహం అలా పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే పాలు కాదు కదా, మంచినీళ్లు కూడా గొంతు దిగవు ఎవరికీ."

అబద్ధం, అనుకుంది కాగితమ్మ. ఈవిడ నా కళ్లుగప్పి ఉత్త తల్లిపాలే పట్టేస్తోంది. ఫ్రిజ్ తెరిచి చూసింది. సీసాలు ఉండాల్సినన్నీ ఉన్నాయి. అంటే నిజంగానే తాగుతోంది. ఆవుపాలతో గొడవ లేదన్నమాట, గొడవంతా అమ్మతోనే. ఇది అబద్ధం కంటే ఘోరంగా తోచింది.

పన్నెండో రోజు, బుధవారం, పని దిగాక ఆయమ్మ దగ్గర పరీక్ష పెట్టుకున్నారు. అత్తగారు బిడ్డని ఎత్తుకొచ్చింది. కాగితమ్మ దగ్గరుండి పాలు గోరువెచ్చగా చేయించి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని మరీ నోటికి అందించింది. దొరసాని ఈసారి ఉమ్మలేదు. చిమ్మింది. ఆయమ్మ ఒళ్లో సగం, పేర్లు రాసే పుస్తకం మీద సగం.

"శనివారందాకా చూస్తా" అంది ఆయమ్మ, పుస్తకం దులుపుకుంటూ. "అదీ నువ్వు రోజూ దండం పెట్టి పలకరిస్తావని."

ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారిపొడుగునా అత్తగారు ఏదో చెప్పబోయి ఆగింది, మళ్లీ చెప్పబోయి ఆగింది. కాగితమ్మ అడగలేదు. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది.

మర్నాడు పదిన్నరకి ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఇళ్లకి పొమ్మన్నారు. కాగితమ్మ ఇల్లు చేరేసరికి పదకొండు. చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చింది. వంటింట్లో అత్తగారి వీపు కనిపించింది, చంకలో దొరసాని. పాలసీసా వెచ్చబెట్టాల్సిన గిన్నె గట్టు మీద బోర్లించి ఉంది, పొడిగా.

అత్తగారు ఫ్రిజ్ తెరిచింది. తలుపు పూర్తిగా రాకముందే దొరసాని కిలకిలా నవ్వి రెండు చేతులూ చాపింది. సీసా బయటికొచ్చింది, ఒళ్లంతా చెమట పట్టినట్టు చల్లటి నీటిచుక్కలతో. అలాగే నోట్లోకి వెళ్లింది. గటగటా, గటగటా.

"అత్తయ్యా!"

అత్తగారు ఉలిక్కిపడింది. దొరసాని పడలేదు, సీసా వదల్లేదు.

"నువ్వేంటమ్మా ఈ టైములో? ఉద్యోగం పోయిందా?"

"కరెంటు పోయింది. అది ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పట్టేశారా?"

"ఇవాళ ఒక్కరోజే..."

"అత్తయ్యా."

"ఇవాళ, నిన్న."

"అత్తయ్యా!"

"సరేలే. నువ్వు పనిలో చేరిన వారం నుంచి."

"తొమ్మిది నెలలా!"

"అరవకు, పొలమారుతుంది దానికి." అత్తగారు పీట లాక్కుని కూర్చుంది. "నీ కాగితంలో ఏముంది? పది నిమిషాలు వేడినీళ్లలో పెట్టమని. ఆ పది నిమిషాలూ నీ కూతురు ఎలా గుక్కపెట్టి ఏడుస్తుందో రాశావా అందులో? రెండ్రోజులు ఓర్చుకున్నా. మూడోనాడు చల్లగానే నోట్లో పెట్టేశా. నవ్వింది. ఇంక ఆ తర్వాత వెచ్చబెడితే ఊసేది."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏం చేస్తావ్? గోరువెచ్చగా కింద మూడో గీత గీస్తావ్. అందుకే పొద్దున్నే నీ కళ్లముందు గిన్నెలో వేడినీళ్లు పోసి పెట్టేదాన్ని. నువ్వు గేటు దాటాక ఆ నీళ్లతో జిడ్డు గిన్నెలు తోముకునేదాన్ని."

కాగితమ్మ నేల మీద చతికిలబడింది. తొమ్మిది నెలల సాయంత్రాలు కళ్లముందు గిర్రున తిరిగాయి. మణికట్టు మీద వేసుకున్న చుక్కలు, బతిమాలడాలు, తిప్పేసుకున్న ఆ చిన్న మొహం.

"నేను పట్టుకున్నాననే ఉమ్ముతోందనుకున్నా" అంది. "నేనంటే ఇష్టం లేక."

అత్తగారు దొరసాని చేతిలోని ఖాళీ సీసా అందుకుని పక్కన పెట్టింది. "నిన్న దారిలో చెబుదామనుకున్నా. నోరు రాలేదు" అంది.

క్లినిక్‌కి ఫోను చేస్తే నర్సమ్మ నవ్వింది. "చల్లవైతే ఏంటమ్మా, కాచి చల్లార్చినవేగా. తాగితే చాలు. కావాలంటే గోరువెచ్చగా చెయ్యమన్నాను గానీ, తప్పనిసరి అన్నానా?"

ఆ "కావాలంటే" ఒక్కటే కాగితం మీదికి రాలేదు. కాగితమ్మకి ఒంటికాలి మీద లేవాలనిపించింది. ఎవరి మీద లేవాలో తెలియక ఫ్రిజ్ మీది కాగితం చింపి, మళ్లీ అతికించి, మళ్లీ చింపింది.

శనివారం ఆయమ్మ తన ఫ్రిజ్‌లోంచి ఆవుపాలు తీసింది. అలవాటు కొద్దీ పొయ్యి వైపు తిరిగింది.

"వద్దు!" అని అత్తాకోడళ్లు ఒక్కసారే అరిచారు.

"ఏం పుట్టింది మీకు?" అంటూనే ఆయమ్మ సీసా అందించింది. కాగితమ్మ దాన్ని దొరసానికి అందేలా పట్టుకుంది. దొరసాని చల్లటి సీసాని చెంపకి ఆనించుకుని చూసింది, అమ్మ మొహం చూసింది, నోరు తెరిచింది. గటగటా తాగింది. ఖాళీ చేసి, తేన్చి, సీసా అమ్మ మీదికి విసిరింది.

"ఇంతదానికా మొన్న నా బట్టలు పాడుచేశావు!" అని ఆయమ్మ పేరు రాసుకుంది.

ఇంటికి నడిచేటప్పుడు కాగితమ్మ కాళ్లు నేల మీద లేవు. అత్తగారు ఒక అడుగు వెనకాల వస్తోంది.

"సోమవారం ఎన్నింటికి తీసుకెళ్తావ్?"

"ఎనిమిదింటికి, అత్తయ్యా."

"రావడం?"

"ఆరవుతుంది."

"మంచిదే. నా నడుంనొప్పి కూడా తగ్గుతుంది." కొంచెం దూరం నడిచాక, "మరి సీసాలు ఎవరు కడుగుతారు?" అంది.

"అక్కడే కడుగుతారు. మీకేం పని ఉండదు."

"ఓహో" అంది అత్తగారు.

కాగితమ్మ నడక ఆగిపోయింది. ఇన్నాళ్లూ తన లోపల తిరిగిన భయం ఇప్పుడు వెనక నుంచి, ఇంకొకరి గొంతుతో పలికింది. కానీ తొమ్మిది నెలల కోపం ఇంకా పూర్తిగా ఆరలేదు. "నడవండి అత్తయ్యా, ఎండ" అని మాత్రం అంది.

సోమవారం మొదటి విరామంలో మెట్లు ఒక్క పరుగున దిగి దొరసానికి పాలు పట్టింది. దొరసాని తాగుతూ తాగుతూ అమ్మ మెడలో వేళ్లు దూర్చి నిద్రపోయింది. పంపు పెట్టని రొమ్ములు రాయిలా బిగిసి సలుపుతున్నాయి, అయినా నొప్పి మీద ధ్యాస లేదు. గోడ గడియారంలో పదకొండు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచే వేళ. ఫోను చేద్దామంటే పని గంటల్లో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. వాళ్లాయన ఏ బస్సు కిందో పడుకుని బోల్టులు బిగిస్తూ ఉంటాడు. విరామం అయిపోయింది, కాలర్ల కట్టలు ఎదురుచూస్తున్నాయి.

కాబట్టి, మీలో ఎవరికైనా పదకొండు వేళకి ఆ ఇంటి వైపు దారి పడితే, ఒకసారి తలుపు తట్టి అత్తగారెలా ఉందో చూసి రండి. ఊరికే చూడ్డానికి వచ్చామని మాత్రం చెప్పకండి, నాకేం రోగమని విసుక్కుంటుంది. ఏదో పని మీద వచ్చినట్టు వెళ్లి, ఫ్రిజ్‌లోంచి చల్లటి మంచినీళ్లు ఇమ్మని అడగండి.