ఇత్తడి మేకు

మూడోసారి కొలిమిలోంచి తీసిన లారీ కమాను పట్టీని దాగలి దిమ్మ మీద పెట్టి, అసిరయ్య అంచు వెంట సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తున్నాడు. ఎర్రటి ఇనుము మీంచి నల్లటి పొట్టు రాలుతోంది. అరవై మూడేళ్ల మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. నిప్పురవ్వలకు ముంజేతుల మీద వెంట్రుక మొలవడం ఎప్పుడో మానేసింది. విజయనగరం దాటాక రోడ్డు వారన, హుద్‌హుద్‌ తుఫానుకి పైకప్పు లేచిపోయాక మళ్లీ రేకులు వేసుకున్న పాక అతనిది. కొడవళ్లు, గునపాలు సాగదీస్తూ బతికాడు. కత్తిసాము జట్లకు వంపు కత్తులు చేయడం పండగల ముందు మాత్రమే వచ్చే పని.

ఈ పని మొదలెట్టక ముందు, పొద్దున్నే యమున స్కూటీ మీద వచ్చింది. టౌనులో ఆడపిల్లలకు కత్తిసాము నేర్పుతుంది. గోనెలో చుట్టిన పాత కత్తి తీసి అతని చేతికిచ్చింది. ఆమె తండ్రి అప్పలసూరికి పాతికేళ్ల కిందట అసిరయ్యే చేసిచ్చినది, కిలో పైచిలుకు.

"ఇది పది నిమిషాలు తిప్పితే మా పిల్లల మణికట్లు వాసిపోతన్నాయి మావా. సగం బరువుతో పన్నెండు సెయ్యి. సిరిమాను పండక్కి కావాలి."

అసిరయ్య కత్తిని గాలిలో ఒకసారి విసిరాడు. భుజం కలుక్కుమంది. బరువు కత్తిని ఆపాలంటే నడుము కూడా కదలాలి. కానీ దాని మొన ఎక్కడుందో చేతికి తెలుస్తూనే ఉంటుంది. తేలిక కత్తి ఒక్క మణికట్టుతోనే గిరగిరా తిరుగుతుంది, చూసేవాళ్లు ఈలలు వేస్తారు. మొన మాత్రం ఎక్కడుందో చెయ్యి మరిచిపోతుంది.

"రేకుతోనా?"

"ఏటైతేనేటి, తేలిగ్గా ఉంటే సాలు."

అతను కత్తి దించాడు.

"అమ్మా, మీ నాన్న సెయ్యి ఎలా పోనాదో తెలుసా?"

"ఊరేగింపులో కత్తి ఊడొచ్చి తగిలినాది. తొమ్మిదేళ్లయిపోనాది."

"ఆ కత్తి నేనే సేసినాను. తేలిగ్గా కావాలన్నారని రేకు కోసీసినాను. తోక పిడిలోకి రెండంగుళాలే దించినాను. పక్కోడు విసిరితే పిడి సేతిలో ఉండిపోనాది, కత్తి ఎగిరొచ్చి మీ నాన్న మీద పడినాది. ఎవులూ నన్నడగలేదు. నేనూ సెప్పలేదు."

యమున పాత కత్తిని గోనెలో చుట్టింది. ముడి పడక రెండుసార్లు కట్టింది. చెయ్యమనీ వద్దనీ చెప్పకుండా వెళ్లిపోయింది.

తొమ్మిదేళ్లుగా సంతలో అప్పలసూరి కనబడితే అసిరయ్య ఇంకో సందులోకి మళ్లేవాడు. ఎందుకో, అంతా విన్న భార్య గురమ్మకు ఇప్పుడు తెలిసింది.

"నాకైనా సెప్పనేదు," అంది గుమ్మంలోంచి. అతను కమాను పట్టీ ఒకటి తీసి కొలిమిలో పెట్టాడు.

ఆ రోజు కొడవళ్లు ముట్టలేదు. కమాను పట్టీనే సాగదీశాడు. పిడి దగ్గర మందం వదిలేసి, మొన వైపు పోయేకొద్దీ పలచన చేశాడు. తోకను జానెడు పొడుగున ఉంచి, చివర మేకు దిగడానికి బెజ్జం వేశాడు. రేకుతో గంటలో అయ్యే పని ఇలా చేస్తే రోజంతా పడుతుంది. నూనెలో ముంచి, మళ్లీ సన్నని సెగ చూపించాడు. మధ్యాహ్నం గంజి తాగలేదు. రెండుసార్లు ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. గురమ్మ ఆస్పత్రికి పోదామంటే, "ఇది సల్లారనీ," అన్నాడు.

సాయంత్రం స్కూటీ మళ్లీ వచ్చింది. కూతురు చెప్పింది విని అప్పలసూరి కూడా వెనక కూర్చుని వచ్చాడు. పాక ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అసిరయ్య గోడకు చేరగిలబడే ఉన్నాడు. గురమ్మ అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరి డాక్టరు వచ్చి, నాడి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

అప్పలసూరి ముడుచుకుపోయిన కుడి చేతిని కండువా కిందికి లాక్కున్నాడు.

"ఊడిన పిడి సూసి అసిరయ్య పనేనని ఆ యేడే పోల్సుకున్నాను గురమ్మా. అడిగీసుంటే బాగుండేది."

దాగలి మీది కొత్త కత్తిని ఎడమచేత్తో తీశాడు. మొన నేలకానించి, పాదంతో తొక్కి వంచాడు. వదలగానే తన వంపుకే తిరిగొచ్చింది. యమునకిచ్చాడు. ఆమె తోకకు చున్నీ చుట్టి ఒక్కసారి విసిరి, ఆపింది.

"సరిపోతాది," అంది, గోడ దగ్గరున్న మనిషికేసి చూస్తూ. తీసుకుపోకుండా దాన్ని మళ్లీ దాగలి మీదే పెట్టింది.

పిడి ఇంకా తొడగలేదు. తోక చివరి బెజ్జం పక్కన, దానికోసమే కొలిచి కోసుకున్న ఇత్తడి మేకు ఒకటి ఉంది.