నేల కెప్టెన్

రెండో ఇంజన్‌లో మంట లేచేసరికి అతనికి ఆవలింత వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎర్రదీపం వంక ఒక చూపు చూసి, "ఇంజన్ టూ, ఫైర్" అన్నాడు. కుడి సీట్లో ఉన్న అమ్మాయి స్టిక్‌ని బిగించి పట్టుకుంది. అతను చెక్‌లిస్టు అట్ట మీద ఉన్న వరసలు ఒక్కొక్కటే చదువుతుంటే ఆమె ఒక్కొక్కటే చేస్తూ పోయింది. ఆ కంగారులో వేగం పడిపోతున్న సంగతి చూసుకోలేదు.

"స్పీడ్," అన్నాడు, పక్కవాళ్లకి ఉప్పు అందించినంత మామూలుగా.

ఆమె సర్దుకుంది. వెనక కుర్చీలోంచి శిక్షకుడు మీట నొక్కాడు. మంట ఆరిపోయింది, అద్దాల్లోని ఆకాశమూ ఊరూ మాయమయ్యాయి, ఎదురుగా తెల్లటి తెర మిగిలింది.

అది విమానం కాదు. ఆరు ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన ఓ పెద్ద డబ్బా. లోపల విమానం ముందుభాగం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఊగుతుంది, కుదుపుతుంది, అరుస్తుంది, ఎగరడం ఒక్కటే చెయ్యదు. నేర్చుకునేవాళ్లు కుడి సీట్లో కూర్చుంటారు. కెప్టెన్ సీటు ఖాళీగా ఉంటే పాఠం సాగదు కనక ఎడమ సీట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఏడేళ్లుగా ఆ ఎవరో ఒకరు ఇతనే. పిడుగులూ పొగమంచూ ఇంజన్ మంటలూ వందలసార్లు దాటించాడు. లైసెన్సు కోసం నడిపిన బుల్లి విమానాలు వదిలేస్తే, ఇంత పెద్ద నిజం విమానం మాత్రం రెండేసార్లు ఎక్కాడు, అదీ టిక్కెట్టు కొనుక్కుని. అందుకే టీ గదిలో అతన్ని 'నేల కెప్టెన్' అంటారు. వాళ్లతోపాటు తనూ నవ్వుతాడు.

పైలట్ లైసెన్సు ఒక్కటే ఉంటే ఉద్యోగం రాదు. ఏ రకం విమానం నడపాలో ఆ రకానికి వేరే శిక్షణ కావాలి. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. ఒకప్పుడు కంపెనీలు ముందు ఉద్యోగం ఇచ్చి, తర్వాత తమ ఖర్చుతో నేర్పించేవి. పోనుపోను వాటికి తెలివి మీరింది. మీ డబ్బుతో మీరే నేర్చుకుని రండి, అప్పుడు చూద్దాం అన్నాయి. ఆ డబ్బు కోసం అతని అక్క తన కుట్టుషాపు అమ్మేసింది. ఆరు మిషన్లూ, కత్తిరించే బల్లలూ, నిలువుటద్దమూ, చివరికి పేరు రాసిన బోర్డూ పోయాయి. ఇప్పుడు అదే షాపులో జీతానికి కాజాలు కుడుతోంది.

అతని శిక్షణ అయిన నెలలోనే కంపెనీ కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేసింది. అప్పుడు శిక్షకుడు భుజం మీద చెయ్యి వేసి, "కొన్నాళ్లు ఇక్కడే ఎడమ సీట్లో కూర్చో. చెయ్యి మరిచిపోకుండా ఉంటుంది. రేటింగు గడువు తీరకుండా ఏటేటా ఉచితంగా పరీక్ష పెడతాను. తలుపు తెరిచిన రోజున నా మొదటి సంతకం నీకే" అన్నాడు. ఈ శిక్షణ కేంద్రం నుంచి శిక్షకుడి సంతకం లేని దరఖాస్తుని కంపెనీ ముట్టుకోదు. తలుపు రెండుసార్లు తెరుచుకుంది. రెండుసార్లూ కంపెనీవాళ్లు ఎంచలేదని చెబుతూ శిక్షకుడు ఎంత బాధపడ్డాడంటే, ఇతనే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది.

ఇది మూడోసారి. దరఖాస్తులకి ఇవాళ సాయంత్రం అయిదింటితో ఆఖరు. ముప్ఫై అయిదు నిండినవాళ్లని తీసుకోరు. అతనికి వచ్చే నెలలో నిండుతాయి.

విరామంలో అక్క ఫోను చేసింది.

"ఏరా, పంపించారా?"

"పంపుతార్లే అక్కా."

"పంపుతార్లే ఏంట్రా, వెళ్లి అడుగు! నీ మొహమాటంతోనే సగం జీవితం పోయింది. ఇక్కడ మీ బావ, ఎవరైనా వచ్చి ఫొటో తీస్తారేమోనని పొద్దున్నే గడ్డం గీసుక్కూర్చున్నాడు."

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆఫీసు గదికి వెళ్లాడు. కాగితాలు చూసే పెద్దావిడ అతన్ని చూడగానే కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది.

"నా ఫారం వెళ్లిందా అండీ?"

ఆవిడ చాలాసేపు తుడిచింది. తర్వాత లేచి తలుపు దగ్గరికి వేసి, కింది సొరుగు లాగింది.

"నేను చెప్పానని అనకు బాబూ. నాకూ ఆడపిల్లలున్నారు, ఈ పాపం నేను మొయ్యలేను."

మూడు ఫారాలు. ఈ ఏటిదీ, ముందు రెండుసార్లవీ. మూడింట్లోనూ అతని గుండ్రటి చేతిరాత. మూడింట్లోనూ సంతకం చోటు ఖాళీ.

"ఇది పంపితే ఎడమ సీటుకి మనిషిని ఎక్కణ్ణించి తెస్తాం అన్నారు మీ సారు. ప్రతిసారీ అదే మాట."

నమ్మించి గొంతు కోయడం అనే మాట అతను ఎన్నోసార్లు విన్నాడు. కోసేవాడు తన పుట్టినరోజుకి గుర్తుపెట్టుకుని చొక్కా కొనిచ్చే మనిషై ఉంటాడని మాత్రం అనుకోలేదు. ఈ ఏటి ఫారం తీసుకుని శిక్షకుడి గదికి వెళ్లాడు. ఆయన కోసిన పండ్లముక్కలు తింటున్నాడు. ఫారం చూడగానే ఫోర్కు కింద పెట్టేశాడు.

"కూర్చో."

అతను కూర్చోలేదు.

"నువ్వెళ్లిపోతే నాకెవరున్నారయ్యా? ఎవణ్ణి పెట్టినా ఆర్నెల్లు ఉండడు. నీ పక్కన కూర్చున్నవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఫెయిలవలేదు, తెలుసా నీకు?"

అది మెచ్చుకోలు. అతను ఫారం బల్ల మీద పెట్టి, సంతకం చోటు వేలితో చూపించాడు.

"ఇప్పుడైనా పెట్టండి సార్. ఇంకా టైముంది."

శిక్షకుడు గడియారం చూశాడు. కాసేపు నిజంగానే ఆలోచించినట్టున్నాడు.

"ఇప్పుడు పెడితే ఇన్నేళ్లూ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. నా పరువేం కావాలి?" అని, గొంతు తగ్గించి, "ముందు ఆ అమ్మాయి ఆఖరి పరీక్ష కానియ్యి. పాపం, దానికి నువ్వు కావాలి" అన్నాడు.

వెళ్లిపోవాలనే అనుకున్నాడు. బయట ఆ అమ్మాయి గోడకానుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ చెక్‌లిస్టు అప్పజెప్పుకుంటోంది. ఆ పిల్ల కోసం ఎవరి షాపు అమ్ముడుపోయిందో. అతను మెట్లెక్కి, స్వెటర్ విప్పి వెనక తగిలించి, ఎడమ సీట్లో కూర్చున్నాడు.

బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి వెనక కూర్చున్నాడు. అంతా చెప్పినట్టే జరిగింది. గాలి, వాన, మళ్లీ రెండో ఇంజన్. అయిదు గంటలప్పుడు వాళ్లు మూడువేల అడుగుల ఎత్తులో ఉన్నారు. అంకెల గడియారం అయిదు దాటడం అతను చూశాడు. లాండింగ్ చెక్‌లిస్టు చదివాడు. ఆ అమ్మాయి ఈసారి వేగం తనే చూసుకుంది.

పాసయింది. మెట్లు దిగుతూ చిన్నపిల్లలా రెండేసి మెట్లు దూకింది.

"థాంక్స్ సార్! మీరు ఏ కంపెనీలో చేస్తారో ఇప్పటిదాకా అడగనే లేదు."

దీనికో జవాబుంది. 'ఓ కంపెనీతో కాంట్రాక్టులో ఉన్నాను' అనాలి. మొదటిరోజే శిక్షకుడు నేర్పాడు. ఏడేళ్లుగా అతనూ పొల్లుపోకుండా అదే చెప్పాడు.

"ఏ కంపెనీ కాదమ్మా. నేనూ నీలాగే డబ్బు కట్టి ఇక్కడే నేర్చుకున్నాను."

ఆమె ఆగిపోయింది. "మరి నాకు ఉద్యోగం ఖాయమన్నారు?"

"నాకూ అన్నారు."

ఆమె మొహం వంక చూశాడు. ఆ కాంట్రాక్టు జవాబు నమ్మి తన పక్కన కూర్చున్నవాళ్లందరి మొహాలూ అందులో కనిపించాయి. ఇన్నాళ్లూ తనని మోసం చేశారనుకుంటున్నాడు, వాళ్లని మోసం చెయ్యడంలో తనూ ఓ చెయ్యి వేశాడన్నమాట.

"మళ్లీ తలుపు తెరిచినప్పుడు సంతకం నీ కళ్లముందే పెట్టించుకో. ఫారం నువ్వే పట్టుకెళ్లి ఇచ్చుకో," అని చెప్పి గేటు దాటి వెళ్లిపోయాడు. కాపలావాడు రేపెన్నింటికని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

ఆరింటికి మరో బ్యాచ్ ఉంది. కుడి సీట్లో కొత్త కుర్రాడు బెల్టు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేల కెప్టెన్ ఏడని రెండుసార్లు కేకేసి, ఎవరూ పలక్కపోయేసరికి శిక్షకుడు తనే ఎడమ సీటు దగ్గరికి వచ్చాడు. సీటు వీపు మీద బూడిదరంగు స్వెటర్ వేలాడుతోంది. కుడి మోచెయ్యి దగ్గర అరిగిన చోట, కాస్త తేడా రంగు దారంతో, ఎవరో పక్కపక్కనే సన్నగా కుట్లు వేశారు.