పెరుగన్నం గిన్నె

నేను ఒక సత్తు గిన్నెను. పాత బిందెల్ని, చిల్లుపడిన మూకుళ్ళని కరిగించి, రేకుగా సాగదీసి నన్ను చేశారు. మొదట ఒక హాస్టల్లో పిల్లలకి సాంబారు మోశాను. అడుగున సొట్ట పడగానే మనుషులకు పనికిరానన్నారు. ఊరి చివర వీధికుక్కల కోసం పెట్టిన శరణాలయానికి ఇచ్చేశారు. దాని గేటు మీద 'మూగజీవాలకు ఆశ్రయం' అని రాసి ఉంటుంది. అక్షరాలు చాలా అందంగా ఉంటాయి.

అక్కడ నాలో పెరుగన్నం కలిపేవారు, మత్తుమాత్రల పొడితో. కుక్క తిని తూలుతుంటే డాక్టరు సూది వేసేవాడు; అది మళ్ళీ లేచేది కాదు. గదులు చాలవు, ఎవరూ పెంచుకోరు, ఇంకేం చేస్తాం అనేవారు. ఆకలి మీదున్న కుక్క నన్ను చూసి తోక ఊపేది. తిన్నాక నా అంచంతా నాకేది. ఎంత తోమినా ఆ నాకుడు నన్ను వదల్లేదు.

ఆ పనికి అక్కడ ఒక మాట ఉంది: పడుకోబెట్టడం. తల్లులు పసిపిల్లలకు వాడే మాట. అధికారి చలపతిరావు గారు టీ తాగుతూ కూడా ఆ మాట అనగలరు.

ఒక ఉదయం చేపలమ్మే పైడితల్లి తట్టతో వచ్చింది. ఆమె గుమ్మంలో పడుకునే బూరె అనే కుక్కను శరణాలయం బండివాళ్ళు పట్టుకెళ్ళారట.

"గోధుమరంగుది బాబూ. సెవి సిరిగుంటాది."

"దాన్ని నిన్ననే పడుకోబెట్టేశామమ్మా," అన్నారు చలపతిరావు గారు.

పైడితల్లి మొహం విప్పారింది. "అలాగా! రేత్రంతా తిరుగుతాది దొంగముండ. పడుకోనీండి. లెగిసాక అట్టుకెల్తాను."

తట్ట దించి గోడవారన కూర్చుంది. చలపతిరావు గారు నవ్వు దాచుకోవడానికి టీగ్లాసు అడ్డం పెట్టుకున్నారు. మిగతావాళ్ళు పనుల్లో పడ్డారు. ఎండెక్కింది. చేపలు వాసన పట్టాయి. ఆ ఆవరణలో నాకు రోత పుట్టించని వాసన అదొక్కటే.

పనివాడు సన్యాసి ఒక నల్లకుక్క కోసం నన్ను పట్టుకుని అటుగా వచ్చాడు.

"పెరుగన్నవా? మా బూరెకి పేణం. లెగిసేసరికి ఓ ముద్ద ఉంచు నాయనా."

సన్యాసి అడుగు పడలేదు. "అది లెగదప్పా. సంపేసినాం. ఈ అన్నం ఎట్టే సంపేసినాం."

చంపడం అన్న మాట అక్కడ నేను వినడం అదే మొదటిసారి. పైడితల్లి లేచింది. నన్ను లాక్కుని, అన్నం కాలవలో పారబోసింది.

మర్నాటి నుంచి గేటు ముందే చేపలమ్ముతోంది. నేను ఆమె పక్కన నీళ్ళతో ఉంటాను. ఇక్కడ కూర్చున్నావేమని అడిగినవాళ్ళకల్లా చెబుతుంది: "నా కుక్కని సంపేసినారు. లోపల నల్లదుంది. దాన్నీ సంపుతారు." జనం ఆగి లోపలికి తొంగిచూస్తున్నారు. గుంపును చూసి డాక్టరు స్కూటరు తిప్పుకుపోతున్నాడు. నల్లకుక్క ఇంకా బతికే ఉంది.

నిన్న చలపతిరావు గారు గేటు దాకా వచ్చారు. "రోజూ చేపలు కోసేదానివి, నీకేంటమ్మా ఇంత దయ?"

"కోసిందాన్ని కోసినాననే సెప్తాను బాబూ. పెరుగన్నం ఎట్టి పిలవను."

ఆయన గొంతు తగ్గించారు. "సరే, కూర్చుంటే కూర్చో. ఆ మాట మాత్రం అనకు. వినేవాళ్ళకి బాగోదు."

పైడితల్లి పొలుసు గీకుతూ, అప్పుడే వచ్చిన బేరానికి ఇంకొంచెం గట్టిగా ఆ మాటే చెప్పింది.