గేటు దగ్గర గొంతు

ప్రమీలమ్మ పొయ్యి రాజేసిందంటే ఆ గల్లీకి తెల్లారినట్టే. తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌కు పోయే అడ్డదారిలో ఆమె మెస్సు. రేకుల షెడ్డు, పొడుగు బల్లలు, గోడకు వేలాడే గరిటెలు. అన్నం ముద్దయితే గంజి వంచినోళ్లకు ఆ పూటంతా తిట్లు. పళ్లెంలో మెతుకులు వదిలేసినవాడు తెలంగాణ తెచ్చే మొనగాడైనా సరే, మర్నాడు వాడికి నీళ్ల చారే. చదువంటే ఆమెకు బస్సు నంబర్లు పోల్చుకోవడం, తన పేరు తాను గీసుకోవడం, అంతే. కానీ ఎవరు ఎప్పుడు ఏమన్నారో మాత్రం ఒక్కటి మరిచేది కాదు.

ఆ మరవని వాటిలో అచ్యుతరామయ్య సారు గ్లాసు ముందుండేది. సారుది తెనాలి వైపు. క్యాంపస్‌లో ప్రొఫెసరు. గల్లీ చివర పచ్చగేటు ఇల్లు. చాలా ఏళ్ల కిందట ఒక ఎండపూట మెస్సులోకి వచ్చి మంచినీళ్లడిగాడు. ఆమె తోమిన గ్లాసు అందిస్తే, జగ్గులోంచి ఇన్ని నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పి, వాకిట్లో పారబోసి, అప్పుడు నింపుకొని తాగాడు. నలుగురి ముందర! ఆయనకు అది గుర్తుండే పనే లేదు. ఆనాటి నుంచి ఆమె ఆయనకు దండం పెట్టలేదు.

అలాంటి సారు ఇప్పుడు ఆమె కూతురు స్వరూప ఉద్యోగానికి అడ్డం వచ్చాడు. స్వరూప లైబ్రరీ చదువు చదివింది. క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంటులో లైబ్రరీ ఉద్యోగం ఖాళీ పడితే అర్జీ పెట్టుకుంది. సారు అడ్డం వచ్చిన కబురు అన్నం తింటూ కొమురెల్లి చెప్పాడు. క్యాంపస్ పోరగాళ్ల ఊరేగింపులకు వాడే ముందుంటాడు.

"పెద్దమ్మా, అక్క ఇంటర్వ్యూల ఎవరు కూసుంటున్నరో ఎరుకేనా?"

"ఎవరురా?"

"గ్లాసు సారు!"

బల్లలన్నీ నవ్వాయి. ప్రమీలమ్మ నవ్వలేదు. "నేను ఒకల కాడ చెయ్యి చాపేదాన్ని కాదు," అంది. అన్నదే గాని ఆ రోజు పప్పులో ఉప్పు రెండోసారి పడింది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అట్లా జరగలేదు.

అవి ఉద్యమం మండుతున్న రోజులు. రోడ్డు మీద వంటావార్పు అంటే ఆమె గుండిగలే కదిలేవి. పొద్దు వాలితే ఊరేగింపులు. క్యాంపస్ వైపు నుంచి గాలి వీస్తే బాష్పవాయువుకు కళ్లు మండేవి. కోస్తా వాళ్ల ఇళ్లల్లో దీపాలు పెట్టకముందే గేట్లకు గొళ్లేలు పడేవి. వెనక గల్లీలో ఒక ఇంటి కిటికీ అద్దం పగిలింది కూడా.

ఆమె ఆలోచించింది. అడిగితే కదా చిన్నతనం! ఇస్తే ఏం చిన్నతనం?

సాయంత్రం పచ్చగేటు దాకా పోయింది. లోపలికి రమ్మన్నా పోలేదు.

"సారూ, మీ ఇంటి మీద రాయి పడకుంట నేను చూసుకుంట. పోరగాళ్లు నా మాట దాటరు. జర మా పిల్లను చూసుకోండ్రి."

అచ్యుతరామయ్య సరే అనలేదు, వద్దు అనలేదు. తలుపు మెల్లగా వేసుకున్నాడు.

తిరిగొస్తుంటే కాళ్లకు అడ్డం పడిన కుక్కను అదిలించబోయింది. నోరు ఆడింది గాని చప్పుడు రాలేదు. ఓహో, గొంతు అక్కడే ఉండిపోయింది కాబోలు అనుకుంది.

ఆ వైపు ఇది అందరికీ తెలిసిందే. ఇచ్చే మాటలో గాలం ఉంటే ఆ మాట ఎవరికిచ్చారో వాళ్లతోనే ఉండిపోతుంది, వాళ్లెక్కడికి పోతే అక్కడికి పోతుంది. సరే అన్నారా, గొంతు వాళ్లదైపోతుంది. వద్దన్నారా, తిరిగొస్తుంది. ఏదీ అనకపోతే అట్లనే కాచుకొని ఉంటుంది. ఆటో బాలస్వామి చలానాలు రాసే ఒక ట్రాఫిక్ సారుకు ఏదో ఇస్తానని, ఆయన బదిలీ అయ్యేదాకా హారనుతోనే మాట్లాడాడు. మెస్సు ముందు ఆటో ఆపి, "ఎవరింట్ల ఉన్నది పెద్దమ్మా?" అని అడిగాడు. ఆమె గడ్డంతో పచ్చగేటు చూపించింది. "అబ్బో, గట్టి ఇల్లే," అని వెళ్లిపోయాడు.

పచ్చగేటు ఇంట్లో సారు భార్య కమలాదేవి ముగ్గు వేస్తుంటే గేటు స్తంభం పక్క నుంచి వినపడేది. "రాయి పడకుంట నేను చూసుకుంట. జర మా పిల్లను చూసుకోండ్రి." మనిషి ఉండదు. ఊపిరి తీసుకున్నట్టు ఒక ఆగుడు, మళ్లీ అదే.

"ఏమండీ, ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యకూడదూ?"

"ఏం చెప్పమంటావు? సరే అంటే తప్పు. వద్దంటే, ఆ కుర్రాళ్లు..."

కమలాదేవి గేటు వైపు చూసింది. "అయితే ఉండనివ్వండి. అది అక్కడుంటే నాకూ ధైర్యంగానే ఉంది."

మొదటి ఊరేగింపు వచ్చిన సాయంత్రం కరెంటు లేదు. కాగడాల వెలుతురులో కొమురెల్లి ముందు నడుస్తున్నాడు. వెనక ఒకడి చేతిలో రాయి ఉంది. పచ్చగేటు దగ్గరికి రాగానే చీకట్లోంచి మెస్సు పెద్దమ్మ గొంతు పలికింది. నినాదం సగంలో తెగింది. అందరూ తల దించుకొని గోడవారగా నడిచిపోయారు. ఆ గొంతులో ఆమె తిట్టు లేదు, కోపం లేదు. తిట్టినా వాళ్లు అంత భయపడేవాళ్లు కాదు.

కమలాదేవి మర్నాటి నుంచి గేటు స్తంభం మీద స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది. రోజంతా పలికే గొంతు, ఎండిపోదూ? పొద్దున చూస్తే గ్లాసు ఖాళీగా ఉండేది.

ఇటు ప్రమీలమ్మ గరిటెతో బల్ల కొట్టి మెస్సు నడుపుతోంది. స్వరూప వారం రోజులు గమనించి, "ఎవరికిచ్చినవమ్మా?" అని అడిగింది. తల్లి మొహం తిప్పుకుంది. "నా ఉద్యోగానికేనా?" గరిటె ఒక్కసారి గట్టిగా మోగింది. "నన్ను అడగకుంట ఎట్లిస్తవమ్మా!" అని స్వరూప ఆ పూట తినకుండా లేచిపోయింది.

ఇంటర్వ్యూ రోజు గదిలో ముగ్గురు కూర్చున్నారు. నడుమ కౌముది మేడమ్, ఒక పక్క ఎవరో ముసలాయన, ఇంకో పక్క అచ్యుతరామయ్య. కౌముది మేడమ్ అడుగుతోంది, స్వరూప చెబుతోంది. అంతలో బల్ల కింద నుంచి, సారు కాళ్ల దగ్గర, తల్లి గొంతు.

"జర మా పిల్లను చూసుకోండ్రి."

ముసలాయన ఫ్యాను వైపు చూశాడు. కౌముది మేడమ్ తర్వాతి ప్రశ్న అడిగింది. స్వరూప నోరు విప్పగానే మళ్లీ పలికింది. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చొని మాట్లాడే గొంతు. ఇప్పుడు సారు చెప్పుల మధ్య నుంచి వస్తోంది.

"సార్, దానికి మీరు జవాబు చెప్పాలె," అంది స్వరూప.

"ఇంటర్వ్యూ అయ్యాక చూద్దాం అమ్మాయ్."

"అయినంక చెప్తే అది నా ఉద్యోగానికి జవాబైతది సార్. ఇప్పుడే చెప్పుండ్రి."

"నేను మీ అమ్మగారికి ఏ మాటా ఇవ్వలేదు."

"వద్దని కూడా అనలేదు గద సార్. ఇచ్చుడు మా అమ్మ తప్పే. గేటు కాడ దాన్ని కావలి పెట్టుకున్నది మీరు."

కిటికీ బయట దూరంగా నినాదాలు. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. వంగి, చీకటిగా ఉన్న బల్ల కిందికి, ఒక మనిషితో అన్నట్టే అన్నాడు.

"వద్దమ్మా. వెళ్లు."

కిటికీ తెర ఒక్కసారి బయటికి పీల్చుకున్నట్టై మళ్లీ వాలింది.

"నేనిక ఇక్కడ కూర్చోకూడదు," అని ఆయన లేచి వెళ్లిపోయాడు. కౌముది మేడమ్ ఆయన ముందున్న కాగితాలు పక్కకు జరిపి, "మనం కంటిన్యూ చేద్దాం," అంది.

అదే వేళకు మెస్సులో ప్రమీలమ్మ గొంతులో చల్లగా ఏదో దిగింది. ఎదురుగా కొమురెల్లి పళ్లెంలో అన్నం వదిలి లేస్తున్నాడు. ఇన్నాళ్ల తిట్లన్నీ కూడబెట్టుకొని నోరు తెరిచింది. గొంతు ఆమెదే. మాటలు ఆమెవి కావు, పచ్చగేటు ఇంట్లో రాత్రుళ్లు గొంతు విన్నవి.

"ఏమండీ, గేటు వేశారా? ఒకసారి చూసి రండి. కిటికీ పక్కన పడుకోకండి. నాకు కళ్లు మూతపడటం లేదండీ."

ఊరేగింపులో రాయి పట్టుకున్నవాడు చేతిలోని ముద్ద వైపు చూస్తూ ఉండిపోయాడు. కొమురెల్లి మళ్లీ కూర్చొని, వదిలిన అన్నమంతా తిన్నాడు.

ఉద్యోగం స్వరూపకే వచ్చింది, మిగిలిన ఇద్దరి మాటతో. తాను ఏమీ ఇవ్వకుండానే వచ్చిందని ప్రమీలమ్మకు లోపల కొంచెం కోపంగా కూడా ఉండింది. మర్నాటికి ఆమె మాటలు ఆమెకొచ్చాయి, తిట్లతో సహా. కానీ దీపాలు పెట్టే వేళకు మాత్రం నోరు దానంతట అదే విచ్చుకునేది. "గేటు వేశారా? గేటు వేశారా?" లేచి పోయి చూస్తే తప్ప ఆగేది కాదు.

మొదటి సాయంత్రం తిట్టుకుంటూనే గల్లీ చివరికి నడిచింది. పచ్చగేటు గొళ్లెం ఊడి ఉంది. లాగి పెట్టింది. నోరు మూతపడింది. స్తంభం మీద అలవాటు కొద్దీ పెట్టిన గ్లాసు, నిండా నీళ్లు. వరండాలో సారు, కమలాదేవి నిలబడి చూస్తున్నారు. వెనక ఊరేగింపు వచ్చి, ఆమెను చూసి ఆగింది.

ప్రమీలమ్మ గ్లాసు అందుకుంది. గుండ్రంగా తిప్పింది. సారు కళ్లలోకి చూస్తూ సగం నీళ్లు ఆయన వాకిట్లో పారబోసింది. మిగిలిన సగం తాగి, గ్లాసు స్తంభం మీద బోర్లించి, మర్నాడు మళ్లీ రావడానికి ఇంటికి నడిచింది.