రాఘవమ్మ, బి.ఏ.

ఎర్రమట్టి మరకను తడిగా ఉన్నప్పుడు రుద్దకూడదు. బాగా ఆరనిచ్చి, దులిపి, ఆ తర్వాతే నానబెట్టాలి. సోమవారం పొద్దున పెరట్లో కూర్చుని ఆయన ప్యాంటు దులుపుతుంటే ఉదయగిరి కొండ నా ఒళ్ళో పొడిపొడిగా రాలింది. "ఆ మరక పోవాల. రేపు నెల్లూరు నించి ఆఫీసర్లు వస్తారు" అని చెప్పి మా ఆయన రాజమోహన్ తాలూకా ఆఫీసుకు వెళ్ళిపోయారు. నా చీర అంచుకూ అంతే మట్టి ఉంది. దాని సంగతి ఆయన అడగలేదు.

మా పెళ్ళయి రెండు నెలలు. ఆత్మకూరులో రెండు గదుల అద్దె ఇల్లు. నేను సంతోషంగానే ఉన్నాను. చెబితే నవ్వుతారేమో, కొత్త స్టవ్వు మొదటి పుల్లకే అంటుకుంటే సంతోషం, వీధి మలుపులో ఆయన సైకిలు బెల్లు రెండుసార్లు మోగితే సంతోషం. పేరు మార్చిన రోజు కూడా నవ్వేశాను. నా పేరు రాఘవమ్మ. మా అత్త పేరూ అదే. కొండాపురంలో వాళ్ళింట్లో అడుగు పెట్టగానే ఆమె అంది, "ఇదేందమ్మా, రేపు నువ్వు గిన్నె పగలగొడితే నిన్నెట్టా అరిచేది? నన్ను నేనే తిట్టుకున్నట్టుంటాది. నా కొడుకు మటుకు అమ్మ పేరు పెట్టి పెండ్లాన్ని పిలుస్తాడా?" అందరూ నవ్వారు. ఆయన అక్కడికక్కడే నళిని అని పెట్టారు. ఇరవై రెండేళ్ళ పేరు, అన్నం తిని చెయ్యి కడుక్కునేంతలో పోయింది. పోతే పోనీలే, నళిని కూడా బాగానే ఉంది అనుకున్నాను.

పెళ్ళికి ముందే నేను టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు అది. చూడటానికి వచ్చిన రోజు ఆయనే అన్నారు, "చదువుకునింది ఇంట్లో కూర్చోడానికా? చెయ్యనీండి." ఆ ఒక్క మాటకే నేను ఆయన్ని చేసుకున్నాను. ఉదయగిరి బడిలో ఖాళీ ఉందని, ఆర్డరు రిజిస్టరు పోస్టులో వస్తుందని విద్యాశాఖ ఆఫీసులో చెప్పారు. పెళ్ళయ్యాక ఇక్కడి అడ్రసు రాసి పంపాను. అప్పట్నించీ రోజూ పదిన్నరకు పోస్టుమాన్ తిరుపాలు కోసం కిటికీ దగ్గర నిలబడేదాన్ని.

మొన్న శనివారం కూడా నిలబడబోతుంటే ఆయన ఆఫీసు నుంచి ముందే వచ్చేశారు. "పొయ్యి వెలిగించబాకు. ఈ పొద్దు హోటల్లో తిందాం. ఆణ్ణించే ఉదయగిరి బస్సెక్కి పోదాం, కోట చూడాలంటివి గదా." నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. హోటల్లో ఆడవాళ్ళ కోసం ఒక మూల గుడ్డ అడ్డం కట్టి ఉంది. ఆ గుడ్డ వెనక మేమిద్దరమే. మసాలా దోసె చివర కరకరలాడే ముక్క విరిచి ఆయన నా నోట్లో పెట్టారు. ఎవరన్నా చూస్తారేమోనని సిగ్గుపడుతూనే తిన్నాను. "ఇంట్లో దోసె ఇట్టా రాదెందుకో" అని ఆయన అన్నది కూడా అప్పుడు ముద్దుగానే వినిపించింది.

రాత్రికి ఉదయగిరిలో ప్రయాణికుల బంగళాలో ఉండి, ఆదివారం తెల్లవారగానే కొండెక్కాం. ముందురోజు వాన. మెట్లు ఉన్నచోట పాచి, లేనిచోట బురద. ఆయన చేతిలో కర్ర, నా చంకన టిఫిను క్యారియరు. ఒకచోట నా చెప్పు బురదలో కూరుకుపోయి తెగింది. ఆయన నన్ను రాతి మీద కూర్చోబెట్టి, గుంటలో నిలిచిన వాన నీళ్ళతో నా పాదం కడిగారు. తాలూకా ఆఫీసులో అందరూ దండం పెట్టే మనిషి వంగి నా వేళ్ళ సందుల్లోంచి మట్టి తీస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. పైకి వెళ్ళాక ఊరంతా కనబడింది. పొడవాటి పెంకుల కప్పు ఒకటి చూపించి, "ఆ బడే అయ్యుంటుందండీ" అన్నాను. ఆయన కాసేపు అటే చూశారు. "అయ్యుండొచ్చు. ఆర్డరు రానీ, చూద్దాంలే."

దిగి వచ్చాక కర్ర గరిటెలు చెక్కే హుసేనయ్య పంచలో ఆగాం. కొత్త దంపతులమని చూసి, ఒక గరిటె కాడ మీద పేరు చెక్కి ఇస్తానన్నాడు. "ఏం పేరమ్మా?" నేను నోరు తెరిచేలోగా ఆయన, "నళిని" అన్నారు. నేను చిన్నగా, "నా పేరే చెక్కిద్దామండీ" అన్నాను. "మా అమ్మ పేరున్న గరిటెతో పప్పు కలుపుతావా?" హుసేనయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. గరిటె నునుపుగా, ఎంత బాగుందో. దారంతా దాన్ని చెంపకు ఆనించుకుంటూ బస్సులో వచ్చాను.

ఆ సాయంత్రం బదిలీ అయిపోతున్న తాసిల్దారుకు టీ పార్టీ. మొగవాళ్ళు వరండాలో కుర్చీల్లో కూర్చుంటే, మేం ఆడవాళ్ళం వెనక వంటింట్లో బజ్జీలు వేశాం. పార్టీకి పిలిచింది మమ్మల్ని కూడానట. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని వరండాలోకి వెళ్ళేసరికి పోస్టుమాస్టరు సుందరయ్యగారు మా ఆయనతో మాట్లాడుతున్నారు.

"అమ్మగారు కొండాపురం నించి ఎప్పుడొస్తారబ్బా? ఆ రిజిస్టరు కవరు నా సొరుగులోనే ఉండాది. రేపటికి ఏడు దినాలు. ఆపైన వెనక్కి పంపాల్సిందే."

"అమ్మకు రావడం కుదరదండీ. పంపేయండి" అన్నారు ఆయన.

"అది సరేగానీ, పేరు పక్కన బి.ఏ. అని ఉండాది. రాఘవమ్మగారు ఎప్పుడు చదివినారయ్యా, మాతో చెప్పనే లేదే?"

కుర్చీలన్నీ నవ్వాయి. ఆయనా నవ్వారు. అప్పుడు తల తిప్పి నన్ను చూశారు. పళ్ళెంలోంచి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, "నళినీ, చక్కెర తక్కువైంది" అన్నారు.

చక్కెర తెచ్చి వేశాను.

ఇంటికి నడుస్తూ అడిగాను. ఆయన దాచలేదు. "నేనేం అబద్ధం చెప్పినాను? తిరుపాలు మంగళవారం ఆఫీసు కాడ అడిగినాడు, రాఘవమ్మ ఎవరని. మా అమ్మ, ఊర్లో లేదంటి. మా అమ్మ పేరు గాదా అది?"

నేను రెండడుగులు ముందు నడిచాను.

"నువ్వు ఆడ, నేను ఈడ. పెండ్లయిన రెండు నెల్లకే? నలుగురూ ఏమంటారు? నీకేం తక్కువ చేసినాను చెప్పు. నిన్న హోటలు, ఈ పొద్దు కొండ, పార్టీ. ఇంకెవుడన్నా చేస్తాడా?"

అప్పుడు అర్థమైంది. శనివారం పదిన్నరకు తిరుపాలు మా వీధికి వస్తాడు, గడువు దగ్గరపడిందని మళ్ళీ అడుగుతాడేమో, అందుకే హోటలు. ఆదివారం నేను ఇంట్లో ఉంటే ఎవరి నోటన్నా మాట పడుతుందేమో, అందుకే కొండ. మంగళవారం నుంచి ఆర్డరు ఈ ఊళ్ళోనే ఉంది. అది తెలిసే, కొండ మీద నిలబడి, నేను చూపించిన బడి వైపు చూశారు. అది తెలిసే నా పాదం కడిగారు. ఆ కడగడం అబద్ధం కాదు, నాకు తెలుసు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ప్రేమ లేని మనిషైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

సోమవారం పొద్దున, దులిపిన ప్యాంటు సబ్బునీళ్ళలో వేసి లేచాను. పెట్టె అడుగునుంచి డిగ్రీ కాగితం తీసి, చీర మార్చుకుని పోస్టాఫీసుకు వెళ్ళాను.

సుందరయ్యగారు లేచి, "ఏంది నళినమ్మా, స్టాంపులా?" అన్నారు.

కాగితం ఆయన ముందు పరిచాను. "నళిని ఇంట్లో పిలిచే పేరండీ. ఆ కవరు నాది."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. ఇంకోసారి చదివారు. "ఈడనే ఉన్నావు గదమ్మా. ఒక్కమాట వచ్చి అడిగుంటే..."

"నాకు తెలియదండీ."

ఆయనకు ఏదో అర్థమైంది. తల వంచుకుని సొరుగు తీశారు. ఆడవాళ్ళతో వేలిముద్ర వేయించుకునే అలవాటు కొద్దీ సిరా పెట్టె నా వైపు జరిపి, మళ్ళీ తనే వెనక్కి లాక్కుని కలం ఇచ్చారు. ఇంటిపేరుతో సహా మొత్తం పేరు రాశాను. పక్కన బి.ఏ. అని కూడా పెట్టాను.

ఆర్డరులో, ఇరవయ్యో తేదీలోగా చేరాలని ఉంది. ఉదయగిరి బస్సు రెండింటికి.

ఇంటికొచ్చి అన్నం, పప్పు వండి మూత పెట్టాను. ప్యాంటు పిండి ఆరేశాను. మరక పూర్తిగా పోలేదు. కొత్త గరిటెను వంటింట్లో మేకుకు తగిలించి, పెట్టెలో నాలుగు చీరలు సర్దుతుంటే వీధి మలుపులో సైకిలు బెల్లు రెండుసార్లు మోగింది. ఆయన గడపలో నిలబడ్డారు. ముందు నన్ను, తర్వాత మంచం మీద చింపిన కవరును చూశారు.

"నళినీ" అన్నారు.

నేను చీర మడత పెడుతున్నాను.

"నళినీ" అన్నారు మళ్ళీ, ఈసారి మెల్లగా.

నేను తల ఎత్తలేదు. మూడోసారి నన్ను పిలవడానికి ఆయన దగ్గర పేరు లేదు.